మూగజీవుల, పసివారి భావస్పందనలు: రసాభాస చర్చ నుండి మియాపూర్ చిరుత దాకా

వ్యాససంగ్రహం:

మాటలేని ప్రాణి భావాన్ని ఎలా తెలుసుకోవాలి అన్న ప్రశ్న అలంకారశాస్త్రంలో రసాభాస చర్చగా, మనస్తత్వశాస్త్రంలో జంతువుల, శిశువుల ప్రవర్తనా పరిశీలనగా సాగింది. ఏకావళి, రసార్ణవసుధాకరం అనే లక్షణగ్రంథాల వాదాలను ఆధారంగా తీసుకొని, అనంతామాత్యుని గోవ్యాఘ్ర సంవాదాన్నీ డా. కేశవరెడ్డి నవలలనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ పరిశీలన వెలుగులో 2024లో మియాపూర్‌లో వ్యాపించిన చిరుత వార్తనూ, 2025లో కంచ గచ్చిబౌలి నెమళ్ల కూతపై జరిగిన వాదాన్నీ సామాజిక కథనాలుగా చదువుతుంది.

కీలకపదాలు: రసాభాసం, తిర్యక్కులు, అనుభావం, భయం, గోవ్యాఘ్ర సంవాదం, కేశవరెడ్డి, మియాపూర్, కంచ గచ్చిబౌలి.

1. ప్రవేశిక

2024 అక్టోబరులో హైదరాబాదు మియాపూర్ మెట్రో స్టేషన్ వెనుక చిరుత తిరుగుతున్నదంటూ ఒక వీడియో సెల్‌ఫోన్లలో వ్యాపించింది. చుట్టుపక్కల నివాసాలలో కలవరం రేగింది. అటవీశాఖ సిబ్బంది ఆ ప్రదేశాన్ని పరిశీలించి అది చిరుత కాదని, అడవిపిల్లి అని తేల్చారు. వార్త అక్కడితో ముగిసింది. సాహిత్య విమర్శకు పనికివచ్చే ప్రశ్న మాత్రం అక్కడే మొదలవుతుంది. ఆ రాత్రి భయపడినవారు ఎవరు? దేనిని చూసి భయపడ్డారు? చిరుత లేదు, భయం ఉంది. పెద్దలు తెరమీది నీడను చూసి భయపడ్డారు. ఆ నీడను కూడా చూడని పసివారికి భయం ఏ దారిన చేరి ఉంటుంది? మనుషుల అలికిడికి తప్పుకొనిపోయే ఆ అడవిపిల్లి భయం ఎవరి కథనంలోనైనా చోటు చేసుకున్నదా?

ఈ ప్రశ్నలకు ఆధునిక మనస్తత్వశాస్త్రం కొన్ని సమాధానాలు ఇచ్చింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే తెలుగునేలతో సంబంధం ఉన్న ఆలంకారికులు ఇదే సమస్యను మరో పరిభాషలో చర్చించారు. ఆ రెండింటినీ కలిపి చూడటం అవసరం.

2. తిర్యక్కులకు రసార్హత: రెండు వాదాలు

పశుపక్ష్యాదులను శాస్త్రం తిర్యక్కులు అన్నది. తిర్యక్కులలోని రతిని వర్ణిస్తే అది రసమా, రసాభాసమా అన్నది లాక్షణికుల మధ్య నలిగిన వివాదం. ఏకావళి కర్త విద్యాధరుడు తిర్యక్కులలోనూ రసమే అని వాదించాడు. పశువుకు విభావాదుల జ్ఞానం లేదు కదా అన్న ఆక్షేపానికి ఆయన సమాధానం సూటిగా ఉంటుంది. అటువంటి జ్ఞానం లేని మనుషులు కూడా ఉన్నారు. జ్ఞానమే షరతైతే వారికీ రసార్హత పోతుంది. కాబట్టి విభావం కావటం ముఖ్యం గాని, తాను విభావమని తెలియటం ముఖ్యం కాదు. ఈ ఏకావళికి తరళ అనే వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి నేటి మెదక్ జిల్లా కొల్చారంవాడని ప్రసిద్ధి.

రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడు రసార్ణవసుధాకరంలో ఈ వాదాన్ని ఖండించాడు. శృంగారానికి ఉజ్జ్వలమూ శుచీ దర్శనీయమూ అయిన వస్తువే విభావమని భరతుడు చెప్పాడు. స్నానాలంకారాదులు లేని పశువుకు ఆ అర్హత రాదు. పైగా విభావాదిజ్ఞానం అంటే ఔచిత్యవివేకం. అది లేనివి విభావాలు కాలేవు. వివేకం లేని మనుషుల సంగతేమిటి అన్న ప్రశ్నకు ఆయన వెనుకాడడు. వారి విషయంలోనూ అది ఆభాసమే అంటాడు. శృంగారాభాస భేదాలలో తిర్యగ్రాగం పక్కనే మ్లేచ్ఛరాగాన్ని ఆయన చేర్చటానికి కారణం ఇదే.

ఈ చర్చ శృంగారానికి పరిమితమైనది. దాని తర్కం మాత్రం అంతకన్న విస్తృతమైనది. వివేకాన్ని భావానికి అర్హతగా పెట్టినప్పుడు గీతకు ఆవల పశువు ఒక్కటే మిగలదు, అన్యజాతివాడు మిగులుతాడు. అదే తర్కాన్ని కొనసాగిస్తే ఔచిత్యం ఇంకా తెలియని పసిబిడ్డ కూడా అక్కడికే చేరుతుంది. భయాన్ని స్త్రీలకూ నీచప్రకృతులకూ ప్రత్యేకించిన నాట్యశాస్త్రంలోనూ ఈ అంతస్తుల ఊహ కనిపిస్తుంది. ఎవరి భావం భావంగా లెక్కకు వస్తుందన్నది మొదటినుండీ అధికార సంబంధమైన ప్రశ్నే.

శాస్త్రం గీసిన గీతను శాస్త్రోదాహరణమే దాటటం ఇక్కడ గమనార్హం. కావ్యప్రకాశంలో మమ్మటుడు భయానక రసానికి ఉదాహరణగా అభిజ్ఞానశాకుంతలం మొదటి అంకంలోని లేడి వర్ణనను ఎంచుకొన్నాడు. వెంటపడిన రథాన్ని మెడ తిప్పి చూడటం, బాణభయంతో వెనుక శరీరాన్ని ముందుకు ముడుచుకోవటం, సగం నమిలిన దర్భ నోటినుండి జారిపోవటం అన్నీ అనుభావాలే. లేడికి కవి ఒక్క మాట కూడా ఇవ్వలేదు. దానికి తన భయం తెలుసునా అని ఏ సహృదయుడూ అడగలేదు. శరీరమే వాక్కుగా పనిచేసింది.

3. గోవ్యాఘ్ర సంవాదం: మాటను అరువిచ్చిన కరుణ

15వ శతాబ్దికి చెందిన అనంతామాత్యుని భోజరాజీయంలోని గోవ్యాఘ్ర సంవాదం ఆవు-పులి కథగా తెలుగు పిల్లలకు తరతరాలుగా అందుతున్నది. పులి నోట పడబోయిన ఆవు, ఇంటివద్ద ఆకలితో ఉన్న లేగకు పాలిచ్చి వస్తానని వేడుకొంటుంది. పులి నమ్మదు. ఆవు ఒట్లు పెట్టుకొంటుంది, వెళుతుంది, బిడ్డకు పాలిచ్చి బుద్ధులు చెప్పి తిరిగి వస్తుంది. పులి మనసు మారుతుంది.

ఈ కథలో కరుణకు మూలం లేగ ఆకలి. అయితే పులి ముందు ఆ ఆకలి తల్లి మాటల్లో మాత్రమే ఉంది. పులిని చివరకు కదిలించినది ఆకలి కూడా కాదు, ఆడినమాట తప్పకపోవటం. అంటే పశువు గౌరవం పొందినది తన పశుత్వం వలన కాదు, సత్యవ్రతమనే మానవధర్మాన్ని మనిషికన్న మిన్నగా పాటించటం వలన. పరోక్షంగా ఇది సింగభూపాలుని షరతును ఒప్పుకోవటమే. ఔచిత్యవివేకం ఉన్నది కాబట్టే ఆ ఆవు రసార్హమైంది. మాట ఇవ్వలేని ఆవును పులి ఏం చేసి ఉండేదో కథ అడగదు.

1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రికలో ఈ పద్ధతి మరింత ముందుకు పోతుంది. అక్కడ మృగపక్షులు మనుషుల వేషాలు. దీనిని లోపం అనటం సరికాదు. నీతికథ చేయదలచిన పని అది. కాని పిల్లలు జంతువులను మొదట కలుసుకొనేది ఇటువంటి కథలలోనే కాబట్టి, మాట్లాడితేనే బాధ అర్థమవుతుందన్న అలవాటు కూడా వాటితోపాటు అందుతుంది. ఆ అలవాటును సవరించే పని ఆధునిక కథనం మీద పడింది.

4. కేశవరెడ్డి నవలలు: చేష్టే ప్రమాణం

ఆ సవరణ డా. కేశవరెడ్డి రచనలలో బలంగా కనిపిస్తుంది. ‘అతడు అడవిని జయించాడు’ నవలలో పందులు మేపే ముసలివాడు నిండుచూలుతో తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోతాడు. ఈనిన పంది తనను పెంచినవాడినే దగ్గరకు రానివ్వదు. నీతికథలో ఇది కృతఘ్నత అనిపించుకొనేది. కేశవరెడ్డి దానికి ఆ పేరు పెట్టడు. పిల్లల చుట్టూ తల్లి గీసుకొన్న ఎల్లలో యజమానికీ నక్కకూ తేడా లేదన్నది ముసలివాడు అనుభవపూర్వకంగా ఎరిగిన సత్యం. నక్కలను అదిలించటమూ తానే ఆ తల్లికి దూరంగా ఉండటమూ అతనికి ఏకకాలంలో అవసరమవుతాయి. పంది మాట్లాడదు. దాని చేష్టలను సరిగా చదవటం మీద ముసలివాని ప్రాణం ఆధారపడి ఉంటుంది. అందువల్ల ఈ నవలలో భావగ్రహణం కరుణకు సంబంధించిన సొగసుగా మిగలక వృత్తిజ్ఞానంగా మారింది.

‘మునెమ్మ’ నవల ఇందుకు మరోవైపు. ఇక్కడ బొల్లిగిత్త ప్రవర్తనను జయరామిరెడ్డి తన అసూయతో చదువుతాడు; గిత్తను కొడతాడు, భార్యను హింసిస్తాడు. గిత్త మనసులో ఏమున్నదన్నది నవల తేల్చదు. మనిషి చదువు వలన జరిగిన హింసను మాత్రం స్పష్టంగా చూపుతుంది. ఈ నవలపై వచ్చిన వాదవివాదాలు చాలావరకు గిత్త ఉద్దేశం చుట్టూ తిరిగాయి. విమర్శ నిలవవలసిన చోటు అది కాదు. అనుభావం ఒకటే అయినా దానికి భావాన్ని ఆరోపించేవాని స్థితినిబట్టి అర్థం మారుతుంది. మునెమ్మ చదువు వేరు, జయరామి చదువు వేరు.

ఈ విషయాన్ని శాస్త్రపరిశోధన కూడా బలపరుస్తుంది. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో 14 పెంపుడు కుక్కలను పరిశీలించారు. యజమానులు తప్పుచేసిన చూపుగా చెప్పుకొనే ముఖకవళికలు కుక్క తప్పు చేసిందా లేదా అన్నదానిమీద ఆధారపడలేదు. యజమాని గద్దించినప్పుడు ఎక్కువగా కనిపించాయి. కుక్క ముఖంలో యజమాని చదివినది ఆయన కోపానికి వచ్చిన జవాబునే.

5. పసివారి భయం: చూసి నేర్చిన భావం

డార్విన్ 1872లో మనుషులలో, జంతువులలో భావవ్యక్తీకరణపై గ్రంథం ప్రచురించాడు. 1877లో తన కుమారుని శైశవ పరిశీలనలను వ్యాసంగా వెలువరించాడు. శిశువునూ జంతువునూ ఒకే ప్రశ్నకింద చూడటం అప్పటినుండి పద్ధతిగా స్థిరపడింది. ఇద్దరిలోనూ భావం లోకమర్యాదల ముసుగు లేకుండా బయటపడుతుందన్నది ఇందులోని ఊహ.

తరువాతి పరిశోధనలు ఈ ఊహను సవరించాయి. 1920లో వాట్సన్, రేనర్‌లు జరిపిన ప్రయోగంలో తెల్ల ఎలుకను చూసి మొదట జంకని శిశువు, అది కనిపించినప్పుడల్లా వెనుకనుండి ఇనుపకడ్డీ మోత వినిపించటంతో దానిని చూసి ఏడవసాగాడు. తరువాత కుందేలును చూసినా బెదిరాడు. నైతికంగా ఆ ప్రయోగం తీవ్ర విమర్శకు గురైనది. అయితే జంతుభయం పుట్టుకతో రానక్కరలేదని అది చూపింది. 1924లో మేరీ కవర్ జోన్స్, కుందేలంటే భయపడే మరొక బాలునికి ఆ భయాన్ని క్రమంగా పోగొట్టవచ్చునని నిరూపించింది. 1985లో సోర్స్ బృందం జరిపిన పరిశీలన ఇంకా సూక్ష్మమైనది. లోతుగా కనిపించే గాజుపలక అంచున ఏడాది వయసు శిశువులు తల్లి ముఖంకేసి చూశారు. తల్లి ముఖంలో సంతోషం కనిపించినప్పుడు 19 మందిలో 14 మంది గాజుపలక దాటారు. భయం కనిపించినప్పుడు 17 మందిలో ఒక్కరూ దాటలేదు.

పసివాని భయానికి ఆలంబనం ఎదుట ఉన్న వస్తువే కానక్కరలేదు; తల్లి ముఖం కావచ్చు. చలం ‘బిడ్డల శిక్షణ’లో పెద్దల కోపం, భయం పిల్లల నడతను ఎలా వంచుతాయో చర్చించటం ఈ సందర్భంలో స్మరణీయం. పెద్దలు మొండితనం అని పేరుపెట్టే బిడ్డ చేష్టలో వారి స్పందనకు ప్రతిస్పందన ఎంత ఉన్నదన్నది హోరోవిట్జ్ ప్రశ్నకు దగ్గరి ప్రశ్న.

6. మియాపూర్ నుండి కంచ గచ్చిబౌలి దాకా

మియాపూర్ చిరుత కథనాన్ని ఈ దృష్టితో మళ్లీ చదవవచ్చు. రాతిగుట్టలు, చెరువులు, పొదలు ఉన్న నేలమీదికి సైబరాబాదు విస్తరించింది. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు మియాపూర్‌కు చేరువలోనే ఉంది. మెట్రో మార్గం 2017 నవంబరులో మొదలైంది. ఆ నేలమీద అడవిపిల్లి కొత్తగా వచ్చిన అతిథి కాదు. కాని దానిని గుర్తుపట్టే చదువు నగరవాసికి లేదు. కేశవరెడ్డి ముసలివానికి ఉన్న వృత్తిజ్ఞానం ఇక్కడ కనుమరుగైంది. దాని స్థానంలో వీడియో నిలిచింది. పెద్దల ముఖంలోని భయాన్ని చదివిన బిడ్డకు అడవిపిల్లి శాశ్వతంగా చిరుతగానే మిగిలిపోయే అవకాశం ఉంది.

2025 మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాలలో చెట్లు కొట్టివేసినప్పుడు వాదం మరోలా నడిచింది. ఆ రాత్రుల నెమళ్ల కూతలు ఏడుపులుగా ప్రచారమయ్యాయి. వ్యాపించిన దృశ్యాలలో కొన్ని కృత్రిమమేధతో తయారైనవని ప్రభుత్వం అన్నది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులను ఆపించింది. నెమలి నిజంగా ఏడ్చిందా అన్న ప్రశ్న చుట్టూ ఇరుపక్షాలూ నిలవటం గమనించదగినది. నెమలి కూత ప్రమాదసూచనలోనూ వినిపిస్తుంది, జత కోసమూ వినిపిస్తుంది. దానిని ఏడుపని అనువదించినవారు అనంతామాత్యుని మార్గంలో నడిచారు. అనువాదం తప్పని చూపితే బాధే లేదన్నట్లు వాదించటం సింగభూపాలుని మార్గం. ఆశ్రయం కోల్పోయిన ప్రాణి కలత చెందటానికి కన్నీరు సాక్ష్యంగా అవసరం లేదు. కృత్రిమ చిత్రం చేసిన అసలు నష్టం కూడా ఇదే. అది లేని కన్నీటిని చేర్చి, ఉన్న అనుభావాన్ని సందేహాస్పదం చేసింది.

భావారోపణ ఎంత సున్నితమైనా ప్రమాదాన్ని మరచిపోరాదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు మరణించాడు; తెలంగాణ హైకోర్టు దానిని సుమోటోగా విచారణకు స్వీకరించింది. అటువంటి ఘటన తరువాత జరిగే చర్చలు కుక్కలను క్రూరులుగానో అమాయకులుగానో చిత్రిస్తాయి. ఆ రెండూ నీతికథ పాత్రలే. బెదిరినవాడు పరుగెత్తటం, పరుగెత్తేదానిని గుంపు వెంటాడటం రెండు శరీరాల మధ్య నడిచే స్పందనల గొలుసు. దానిని చదవటం నేర్పటం, కుక్కల సంఖ్యను నియంత్రించటం పెద్దల బాధ్యత. మాటలేని ఇద్దరిలో ఎవరినో ఒకరిని దోషిని చేయటం వలన ఆ బాధ్యత తీరదు.

7. ఉపసంహారం

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

• తిర్యగ్గత రసచర్చలో వివేకాన్ని షరతుగా పెట్టిన వాదం పశువుతోపాటు అన్యులనూ వెలివేసింది. ఆ తర్కంలో శిశువుకూ చోటుండదు. విద్యాధరుని వాదం ఆ ముగ్గురికీ చోటిస్తుంది.

• గోవ్యాఘ్ర సంవాదం పశువుకు మాటనిచ్చి కరుణను సాధించింది. కేశవరెడ్డి నవలలు మాట ఇవ్వకుండానే సాధించాయి. రెండవ మార్గంలో పాఠకుని బాధ్యత ఎక్కువ.

• పసివారి జంతుభయంలో పెద్దల ముఖం ఒక విభావం. కాబట్టి ఆ భయాన్ని గురించిన విమర్శ పెద్దల కథనాలను గురించిన విమర్శ కూడా అవుతుంది.

• మియాపూర్, కంచ గచ్చిబౌలి కథనాలు రెండింటిలోనూ ప్రాణి చేష్టకన్న ముందే దాని అర్థం సిద్ధమైపోయింది.

లేడి నోటినుండి జారిన గడ్డిపరకను చూసి భయానకాన్ని గుర్తించిన సంప్రదాయం తెలుగు సాహిత్య విద్యార్థికి పాఠ్యాంశంగా అందుబాటులోనే ఉంది. రసప్రకరణాన్ని పరీక్షకోసం వల్లెవేయించటంతో ఆపక, చుట్టూ ఉన్న మూగప్రాణులను, పసివారిని చదివే సాధనంగా బోధించగలిగితే ఆ శాస్త్రానికి సైబరాబాదులోనూ పని ఉంటుంది.