బ్రెక్ట్ నాటకంలో ఖగోళ పాఠం

బెర్టోల్ట్ బ్రెక్ట్ వ్రాసిన “గెలీలియో జీవితం” నాటకాన్ని గురించి మనలో చర్చ వచ్చినప్పుడల్లా అది ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. 1633 జూన్ 22న రోమ్‌లో మతవిచారణ సభ ముందు మోకరిల్లి, భూమి చలిస్తుందన్న సిద్ధాంతాన్ని త్యజిస్తున్నానని ప్రమాణం చేసిన గెలీలియో పిరికివాడా, లౌక్యుడా? బ్రతికి వుంటేనే గదా మరొక గ్రంథం వ్రాయగలిగాడని కొందరంటారు. సత్యానికి ద్రోహం చేసినవాడు ఎంత గొప్ప గ్రంథం వ్రాసి మాత్రం ఏం లాభమని కొందరంటారు. యీ ప్రశ్న చిన్నదని నేననను. కాని దీనికంటె ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటున్నది. భూమి తిరుగుతున్నదని మనిషి అసలు ఎట్లా నేర్చుకుంటాడు? నా దృష్టిలో యీ నాటకం విచారణను గురించినదానికంటె పాఠాన్ని గురించినది. ఉపాధ్యాయులూ విద్యార్థులూ దీన్ని ఆ దృష్టితో చదవటం అవసరం.

ముందు నాటకం చరిత్ర. బ్రెక్ట్ దీన్ని మొదట 1938-39లో, హిట్లర్ పాలనలోని జర్మనీని విడిచి డెన్మార్కులో ప్రవాసిగా వున్నప్పుడు వ్రాశాడు. 1943లో జూరిక్‌లో తొలి ప్రదర్శన జరిగింది. తరువాత అమెరికాలో నటుడు చార్లెస్ లాటన్‌తో కలిసి ఇంగ్లీషులో తిరగవ్రాశాడు. ఆ పని సాగుతుండగానే 1945 ఆగస్టులో హిరోషిమామీద అణుబాంబు పడింది. ఆ రూపం 1947లో రంగస్థలమెక్కింది. మూడవ రూపాన్ని బెర్లిన్‌లో సిద్ధం చేస్తూ 1956లో బ్రెక్ట్ మరణించాడు. ఇట్లా ఒకే నాటకం మూడు చారిత్రక ఘట్టాలలో మూడుసార్లు రూపొందింది. గెలీలియోను గురించి రచయిత తీర్పు కూడా ఆ క్రమంలో మారిపోయింది.

మొదటి దృశ్యం 1609లో పాదువాలో. గణిత బోధకుడైన గెలీలియో ఇంట్లో పాలవాడి బాకీ తీర్చటానికి డబ్బు లేదు. ఆ బాకీ గొడవ మధ్యనే పాఠం మొదలవుతుంది. శిష్యుడు ఆంద్రియా, ఇంటిపని చూసే సార్టీ అమ్మ కొడుకు. పిల్లవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా ఎత్తి తిప్పి, మధ్యనున్న వస్తువు కదిలిందా, నీవు కదిలావా అని గురువు అడుగుతాడు. పిల్లవాడు ఒప్పుకుంటాడు, కాని ఊరుకోడు. కుర్చీ పక్కకు తిరిగింది సరే, భూమి తిరిగితే రాత్రిపూట నేను తలక్రిందులుగా వేలాడాలి గదా అని ఎదురడుగుతాడు. అప్పుడు గెలీలియో ఒక ఆపిల్ పండుకు పుల్ల గుచ్చి, ఆ పుల్లే నీవనుకోమని మళ్లీ మొదలుపెడతాడు.

యీ దృశ్యంలో గొప్పతనం కుర్చీలో లేదు, ఆపిల్ పండులో లేదు. పిల్లవాడి అభ్యంతరంలో వున్నది. ఆ అభ్యంతరాన్ని కసరకుండా, నవ్వి తోసిపుచ్చకుండా, దానికి తగిన మరొక ఉదాహరణ వెతకటంలో వున్నది.

మన తరగతి గదులకు వద్దాం. నేను పాఠం చెప్పిన పిల్లలలో చాలామందికి గ్రహాలు ఎనిమిదని తెలుసు, 2006లో ప్లూటోను ఆ వరుసనుంచి తప్పించారని తెలుసు. ఏ గ్రహానికి ఎన్ని ఉపగ్రహాలో కూడా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పగలరు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతున్నదని నీకెట్లా తెలుసు అని అడిగితే మాత్రం, పుస్తకంలో వున్నది అంటారు. ఫ్లారెన్సు ఆస్థాన పండితులు చెప్పిన జవాబు కూడా ఇదే గదా! వారి పుస్తకం అరిస్టాటిల్. మన పిల్లల పుస్తకంలో వున్న విషయం నిజం, ఆ పండితుల పుస్తకంలో వున్నది తప్పు. కాని నమ్మే పద్ధతి రెండుచోట్లా ఒక్కటే. పుస్తకం మారిననాడు యీ నమ్మకమూ మారిపోతుంది. విజ్ఞానాన్ని ఆజ్ఞగా నేర్చుకున్నవాడు అజ్ఞానాన్ని కూడా ఆజ్ఞగానే స్వీకరిస్తాడు.

అయితే బ్రెక్ట్ నాటకం యీ విషయంలో మనకు పూర్తిగా సాయపడుతుందా? పడదని చెప్పవలసి వస్తుంది. ఫ్లారెన్సు దృశ్యంలో గెలీలియో దూరదర్శిని ముందుంచి, ఒక్కసారి కన్ను పెట్టి చూడండని బ్రతిమాలుతాడు. పండితులు చూడరు, అటువంటి గ్రహాలు వుండే అవకాశమున్నదా అని ముందు తర్కిద్దామంటారు. ప్రేక్షకుడు నవ్వుతాడు. చూస్తే చాలు, సత్యం బయటపడుతుందనే భావంతో లేచిపోతాడు. చరిత్ర ఇంత సులభంగా నడవలేదు.

1610 జనవరిలో గెలీలియో గురుగ్రహం చుట్టూ నాలుగు చంద్రులను చూశాడు. అంతరిక్షంలో ప్రతిదీ భూమి చుట్టూనే తిరగాలన్న నియమం దానితో పోయింది. తరువాత శుక్రునికి చంద్రునివలె కళలున్నాయని చూశాడు. టాలెమీ చెప్పిన అమరిక దానితో కూలింది. కాని భూమి కదులుతున్నదని యీ రెండింటిలో ఏదీ రుజువు చేయదు. గ్రహాలన్నీ సూర్యుని చుట్టూ, ఆ సూర్యుడు నిలకడగా వున్న భూమి చుట్టూ తిరుగుతారని టైకో బ్రాహి చెప్పిన పద్ధతిలో కూడా శుక్రకళలు సరిపోతాయి. రోమ్‌లోని జెసూయిట్ ఖగోళజ్ఞులు 1611 నాటికి దూరదర్శినిలో చూసి, కనిపించినవి నిజమేనని ఒప్పుకున్నారు. క్లావియస్ ఒప్పుకోలును బ్రెక్ట్ కూడా చూపించాడు. చూసి కూడా వారు భూమిని కదిలించలేదు. భూచలనానికి తిరుగులేని రుజువని గెలీలియో నమ్ముకున్నది సముద్రపు ఆటుపోట్లను. ఆ వాదమే తప్పు. భూమి ఏడాదిలో తన కక్ష్యమీద ఒక వైపునుంచి మరొక వైపుకు పోతున్నప్పుడు దగ్గరి నక్షత్రాలు కొద్దిగా జరిగినట్టు కనిపించాలి గదా అన్నది ఆనాటి పండితుల న్యాయమైన ప్రశ్న. ఆ జరుగుబాటును జర్మన్ ఖగోళజ్ఞుడు బెసెల్ కొలవగలిగింది 1838లో. గెలీలియో చనిపోయి అప్పటికి 196 ఏళ్లు!

మరి రుజువు పూర్తికాకముందే సూర్యకేంద్ర సిద్ధాంతం ఎట్లా గెలిచింది? యీ ప్రశ్నకు జవాబు కెప్లర్. బ్రెక్ట్ రంగస్థలంమీద కెప్లర్‌కు పాత్ర లేదు. టైకో సుమారు 20 ఏళ్లు హ్వెన్ ద్వీపంలో కూర్చుని గ్రహస్థానాలను కంటితో, దూరదర్శిని లేకుండా, కొలిచి పెట్టాడు. ఆ లెక్కలు కెప్లర్ చేతికి వచ్చాయి. కుజుని కక్ష్యను ఆయన ఎంతో శ్రమపడి కట్టాడు. లెక్కకూ కొలతకూ మధ్య 8 కళల తేడా వచ్చింది. అంటే నిండు చందమామ వెడల్పులో సుమారు నాలుగో వంతు. మరొకరైతే సర్దుకునేవారు. టైకో కొలతలో అంత తప్పు వుండదని ఎరిగిన కెప్లర్ తన కట్టడాన్నే పడగొట్టాడు. రెండువేల ఏళ్లుగా పవిత్రమనుకున్న వృత్తాన్ని వదిలి, కక్ష్య దీర్ఘవృత్తమని 1609లో ప్రకటించాడు. కోపర్నికస్ 1543లో సూర్యుణ్ణి మధ్యన నిలిపినా వృత్తాలను వదలలేదు. గెలీలియో కూడా వదలలేదు, కెప్లర్ దీర్ఘవృత్తాలను పట్టించుకోలేదు.

నాటకకర్త కాలాన్ని కుదించుకుంటాడు, పాత్రలను వదిలేస్తాడు, ఇది పాఠ్యపుస్తకం కాదు గదా అని మిత్రులు ఆక్షేపించవచ్చు. ఆ స్వేచ్ఛ నేను కాదనను. కాని కొలతా, లెక్కా, తరతరాల సమష్టి శ్రమా తెరవెనక్కి పోయి, కన్నున్న ఒక్క మనిషీ, కన్ను మూసుకున్న పండితులూ మాత్రమే మిగిలితే విజ్ఞానం వీరగాథ అవుతుంది. వీరగాథలను అనుమానించటం మనకు నేర్పిన రచయిత నాటకంలో ఇది లోటే.

ఇటువంటిదే మరొక లోటు కుమార్తె వర్జీనియా పాత్ర. నాటకంలో ఆమె పెళ్లి తప్పిపోయి, తండ్రిని కనిపెట్టుకుని, మతాధికారుల మాట జవదాటని అమాయకురాలు. చరిత్రలో వర్జీనియా పెళ్లిదాకా పోనే లేదు. వివాహం లేకుండా పుట్టిన ఆడపిల్ల కనుక తండ్రే ఆమెను చిన్నతనంలో ఆర్చెత్రిలోని మఠంలో చేర్చాడు. అక్కడ మారియా చెలెస్తె పేరుతో సన్యాసిని అయింది. తండ్రికి ఆమె వ్రాసిన 120కి పైగా ఉత్తరాలు నిలిచివున్నాయి. తెలివీ ఆప్యాయతా గల మనిషి వాటిలో కనిపిస్తుంది. 1634లో 33 ఏళ్లకే మరణించింది. గెలీలియో లౌక్యాన్ని ఎండగట్టదలచిన బ్రెక్ట్‌కు యీ వాస్తవం కల్పనకంటె పదునైన ఆయుధమై వుండేది. ఆయన దాన్ని వదులుకున్నాడు.

ఇక నాటకం బలం ఎక్కడున్నదో చెప్పాలి. నా మట్టుకు అది ఇద్దరు మనుషులలో వున్నది. ఒకడు అద్దాలు అరగదీసే పనివాడు ఫెడెర్‌జోని. అతనికి లాటిన్ రాదు. పండితులు వచ్చినప్పుడు, అతనికి అర్థమయ్యే భాషలో మాట్లాడుకుందామని గెలీలియో అడుగుతాడు. పండితులకు అది నామోషీ. దూరదర్శినిలోని అద్దాన్ని అరగదీసిన చేతికి దానిలో కనిపించినదాన్ని గురించిన చర్చలో చోటు లేదు! గెలీలియో 1632లో తన “సంవాదం” గ్రంథాన్ని లాటిన్‌లో కాక ఇటాలియన్‌లో వ్రాశాడన్న చారిత్రక సత్యానికి యీ దృశ్యం ప్రాణం పోసింది. గిడుగు వారి వ్యావహారిక ఉద్యమాన్నీ, 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలినీ ఎరిగిన తెలుగువాడికి దీని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు.

రెండవవాడు చిన్న సన్యాసి. అతని తల్లిదండ్రులు కాంపాన్యా రైతులు. తమ కష్టాన్ని భగవంతుడు చూస్తున్నాడనీ, విశ్వమంతా తమచుట్టూ అమర్చబడి వున్నదనీ నమ్మి బ్రతుకుతున్నారు. భూమి ఒక రాతిముద్ద అని చెబితే వారి ఆకలికి అర్థమేముంటుందని అతడు గెలీలియోను అడుగుతాడు. యీ వాదాన్ని బ్రెక్ట్ వెక్కిరించలేదు. నాటకంలో ఇంత ఆర్ద్రమైన ప్రసంగం మరొకటి లేదు. గెలీలియో జవాబు భూస్వామ్యం గుండెమీద వేలు పెడుతుంది: ఆ ఆకలి భగవంతుడు పెట్టినది కాదు, యుద్ధాల ఖర్చు ఆ రైతులే మోస్తున్నారు, పీఠం మధ్యన వుండాలంటే భూమి మధ్యన వుండాలి. చర్చి వైఖరికి కారణాలు ఇంతకంటె చిక్కైనవి. లేఖనాలకు అర్థం చెప్పే అధికారం ఎవరిదన్న తగాదా కూడా అందులో వున్నది. అయినా ఆకాశంలో హెచ్చుతగ్గుల నిచ్చెన కూలితే నేలమీది నిచ్చెనను కూడా జనం తేరిపార చూస్తారన్న గ్రహింపు అబద్ధం కాదు.

మన దేశంలో మతవిచారణ సభ లేదు గదా అని గర్వించేవారున్నారు. ఆర్యభటుడు 499లో భూమి తనచుట్టూ తాను తిరుగుతుందన్నాడు. నావలో పోయేవాడికి గట్టు వెనక్కి పోయినట్టే నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయని చెప్పాడు. గ్రహణాలు నీడలవల్లనే అన్నాడు. ఆయన్ను ఎవరూ కాల్చలేదు. 628లో బ్రహ్మగుప్తుడు ఆ భ్రమణాన్ని ఖండించాడు, తరువాతి వ్యాఖ్యాతలలో కొందరు దానికి వేరే అర్థాలు చెప్పి మరుగుపరిచారు. ఇప్పుడు ఆయన సూర్యకేంద్ర సిద్ధాంతం కూడా చెప్పాడని ప్రచారం చేయటం మరొక రకం మరుగు. ఆయన చెప్పింది ఆత్మభ్రమణం, సూర్యుని చుట్టూ పరిభ్రమణం కాదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని హైదరాబాదు దగ్గరి రంగాపూర్ వేధశాలనుంచి శాస్త్రజ్ఞులు పరిశీలిస్తున్నప్పుడు, దేశంలో ఎందరో తలుపులు మూసుకుని ఇళ్లలో కూర్చున్నారు. 2001లో విశ్వవిద్యాలయాలలో జ్యోతిషాన్ని విజ్ఞానం పేరుతో ప్రవేశపెట్టడానికి గ్రాంట్ల సంఘం పూనుకుంటే, హైదరాబాదులోని సిసిఎంబి వ్యవస్థాపక డైరెక్టరు పి.ఎమ్. భార్గవ కోర్టుకు వెళ్లారు. హైకోర్టులో ఓడి, 2004లో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు. 2023లో జాతీయ విద్యాపరిశోధన మండలి 10వ తరగతి పుస్తకంనుంచి జీవపరిణామ పాఠం తొలగిపోయింది. పీఠాలకు వేషం ఒక్కటే కాదు.

ఇక ఆ మొదటి ప్రశ్న. తొలి రూపంలో గెలీలియో చీకట్లో దాగి పనిచేసే లౌక్యుడిగా గౌరవం పొందుతాడు. హిరోషిమా తరువాతి రూపంలో తన్నుతాను నేరస్థుడిగా నిలబెట్టుకుంటాడు. విజ్ఞానాన్ని అధికారుల చేతుల్లో పెట్టానంటాడు. 69 ఏళ్ల రోగిష్టి మనిషిమీద 20వ శతాబ్దపు అణుబాంబు బరువు మోపటం చరిత్రగా అన్యాయం. హెచ్చరికగా మాత్రం అది సరైనదే. ఆయన తలవంచటంవల్ల భూమి ఆగిపోలేదు. అయితే “సంవాదం” నిషిద్ధ గ్రంథాల పట్టికనుంచి బయటపడటానికి 1835 దాకా పట్టింది. పోప్ రెండవ జాన్‌పాల్ చర్చి పొరపాటును అంగీకరించింది 1992లో.

చివరి దృశ్యంలో ఆంద్రియా గురువు గ్రంథాన్ని సరిహద్దు దాటిస్తాడు. అక్కడి పిల్లలు ఒక ముసలమ్మను మంత్రగత్తె అంటుంటే, ఒక పిల్లవాణ్ణి ఎత్తి కిటికీలోనుంచి చూపిస్తాడు. లోపల ముసలమ్మ వంట చేసుకుంటున్నది. పిల్లవాడు కళ్లారా చూస్తాడు. క్రిందికి దిగి, మళ్లీ మంత్రగత్తె అనే అంటాడు! ఫ్లారెన్సు దృశ్యంలో చూపు చాలన్న బ్రెక్ట్, చివరకు చూపు చాలదని ఒప్పుకున్నాడు. ఒక్కసారి ఎత్తి చూపించి సరిహద్దు దాటిపోయేవాడి పని కాదిది. రోజూ ఆ వీధిలో వుండేవాడి పని.

ఆ వీధిలో వుండేది మన ఉపాధ్యాయులు. బడి ఆవరణలో ఒక కర్ర పాతి దాని నీడను ఏడాది పొడుగునా కొలిపించటానికి ఖర్చు లేదు. నెలరోజులు చంద్రుణ్ణి చూసి బొమ్మ గీయించటానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు. చిన్న దూరదర్శిని దొరికితే గురుగ్రహపు నాలుగు చంద్రులనూ వరుసగా వారం రోజులు చూపించవచ్చు. అన్నింటికంటె ముఖ్యం, భూమి కదలటం లేదని వాదించటానికి తరగతిలో ఒక జట్టును నిలబెట్టటం. ఆ జట్టు గట్టిగా వాదించాలి. రెండవ జట్టు పుస్తకంలో వున్నది అని తప్పించుకోకుండా వారికి జవాబు చెప్పగలిగిన నాడు, ఆ పిల్లలకు భూమి నిజంగా తిరగటం మొదలవుతుంది.