వెలివాడ నుంచి కపాలస్థలానికి: జాషువ కవిత్వంలో విశ్వాసం, విలువల అన్వేషణ

ప్రవేశిక

గుఱ్ఱం జాషువ (1895–1971)కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1964లో ‘క్రీస్తు చరిత్ర’ కావ్యానికి లభించింది. అయినా విమర్శకుల దృష్టి ఎక్కువగా ‘గబ్బిలం’ మీదనే నిలిచింది. దీని వెనుక ఒక విభజన ఉంది. ‘గబ్బిలం’ సామాజిక కావ్యం, ‘క్రీస్తు చరిత్ర’ మతకావ్యం. మొదటిది కవి వేదన, రెండవది భక్తుని స్తుతి అన్నది ఆ విభజన సారాంశం. దీన్ని అంగీకరిస్తే, జాషువ జీవితాంతం నిలబెట్టుకున్న విలువలకూ ఆయన పెరిగిన విశ్వాసానికీ సంబంధం లేదని ఒప్పుకోవలసి వస్తుంది. ఆ సంబంధం ఉందనీ, అయితే అది మనం సాధారణంగా అనుకునే దిశలో లేదనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. ‘క్రీస్తు చరిత్ర’ పద్యశిల్పం ఇక్కడ చర్చనీయాంశం కాదు. ‘గబ్బిలం’ రాసిన కవి ఆ కథావస్తువును ఎన్నుకోవడంలోని అర్థమే పరిశీలనాంశం.

రెండు గడపల వెలుపల

వినుకొండలో యాదవ తండ్రికీ మాదిగ తల్లికీ జన్మించిన జాషువ క్రైస్తవునిగా పెరిగారు. పద్యం చెప్పే సభల్లో ఆయన కులం ఆయన కంటే ముందు నడిచి అవమానాలు తెచ్చింది. పురాణ వస్తువులతో కవిత్వం చెప్పినందుకు క్రైస్తవ పెద్దలూ ఆగ్రహించారు. అంటే మతం ఆయనకు సిద్ధంగా దొరికిన ఆశ్రయం కాదు. పేదరికం, కులమత భేదం తనకు ఇద్దరు గురువులనీ, మొదటిది సహనాన్నీ రెండవది ఎదిరించే శక్తినీ నేర్పాయనీ ఆయన చెప్పుకున్న మాట ప్రసిద్ధం. ఈ గురువుల జాబితాలో గ్రంథమూ లేదు, బోధకుడూ లేడు. సహనం, ధిక్కారం అన్న రెండు విలువలనూ ఆయన బతుకులోనే సంపాదించుకున్నారు. పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయన్నది ఆయన కవిత్వం ముందున్న ప్రశ్న.

శ్మశానవాటి, గబ్బిలం

రచనాకాల క్రమాన్ని పక్కనపెట్టి భావక్రమంలో చూస్తే, ఈ అన్వేషణలో మొదటి మెట్టు ‘శ్మశానవాటి’ ఖండిక. హరిశ్చంద్ర నాటక ప్రదర్శనల ద్వారా ఊరూరా వినిపించిన ఈ పద్యాల్లో కవి శ్మశానాన్ని అస్పృశ్యతకు తావులేని చోటుగా చూస్తారు. ఈ దర్శనం ఎంత గంభీరమో అంత విషాదకరం. ఊరిలో దొరకని సమత్వం వల్లకాట్లో దొరుకుతుంది. దాన్ని అనుభవించడానికి మనిషి మాత్రం మిగలడు.

రెండవ మెట్టు ‘గబ్బిలం’ (1941). ఇక్కడ కవి చావు వరకు ఆగలేదు. బతికి ఉండగానే అడిగారు. మేఘసందేశ సంప్రదాయాన్ని స్వీకరించి, విరహి అయిన యక్షుని స్థానంలో ఆకలిగొన్న అరుంధతీసుతుణ్ని నిలిపారు. తనకు ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలానికి ప్రవేశం ఉంది కనుక, పూజారి లేని వేళ శివుని చెవిలో తన కథ చెప్పమని అతడు వేడుకుంటాడు. తన కూడు ఇతరులు అనుభవించడానికి సాకుగా నిలిచిన కర్మ అంటే ఏమిటో ఈశ్వరుని చేతనే రుజువు చేయించమని కోరుతాడు. విన్నపంలో సహనం ఉంది, రుజువు కోరడంలో ధిక్కారం ఉంది. క్రైస్తవుడైన కవి తన నాయకుణ్ని శివుని వద్దకే పంపడం కూడా గమనించదగినది. ప్రశ్న ఎక్కడ పుట్టిందో అక్కడే అడగాలన్న నిజాయితీ అది. మతం మార్చుకుని ప్రశ్నను తప్పించుకునే మార్గాన్ని కవి తన నాయకునికి ఇవ్వలేదు.

దిశ మారిన సందేశం

‘గబ్బిలం’లో సందేశం మనిషి నుంచి దేవుని వైపు సాగుతుంది. మధ్యలో గుడి గోడ, పూజారి, దూరం ఉన్నాయి. అందుకే దూత అవసరమైంది. పదిహేడేళ్ల తర్వాత, 1958లో వెలువడిన ‘క్రీస్తు చరిత్ర’కు ఆధారమైన కథలో ఈ దిశ తలకిందులవుతుంది. అక్కడ దేవుడే వడ్రంగి ఇంట పెరుగుతాడు, కుష్ఠరోగిని తాకుతాడు, సమరయ స్త్రీని నీళ్లడుగుతాడు. ఇక దూతతో పనిలేదు.

కర్మ గురించిన ప్రశ్నకూ ఆ కథలో ఒక ప్రతిధ్వని ఉంది. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో పుట్టుగుడ్డిని చూసి, ఇది ఎవరి పాపఫలమని శిష్యులు అడుగుతారు. వాడిదీ కాదు, వాడి తల్లిదండ్రులదీ కాదని యేసు సమాధానం. పుట్టుకతో వచ్చిన దుస్థితిని పాపానికి ముడిపెట్టే తర్కం అక్కడ తెగిపోతుంది. అరుంధతీసుతుడు కోరిన రుజువుకు దీనికంటే సూటి జవాబు ఉండదు.

సిలువ మరణం మరింత ఆలోచింపజేస్తుంది. గొల్గొతా అంటే కపాలస్థలం. అది నగరద్వారానికి వెలుపల ఉంది. ఊరి వెలుపలి వాడనూ, వాడ వెలుపలి శ్మశానాన్నీ ఎరిగిన కవికి ఈ చోటు పరాయిది కాదు. ‘శ్మశానవాటి’లో మనుషులు చచ్చి సమానులవుతారు. కపాలస్థలంలో దేవుడే వెలివేతను అనుభవిస్తాడు. తనను హింసించిన వారిని క్షమించడంలో సహనం, అధికారానికి తలవంచకపోవడంలో ధిక్కారం ఆ ఒక్క జీవితంలో కలిశాయి. తాను ముందే సంపాదించుకున్న రెండు విలువలు విడిపోకుండా నిలిచిన రూపం జాషువకు అక్కడ కనిపించిందని భావించవచ్చు.

ఒక ఆక్షేపణ

తనను తాను విశ్వనరునిగా చెప్పుకున్న కవిని ఇలా చదవడం ఆయనను ఒక మతానికి పరిమితం చేయడం కాదా? ఈ ఆక్షేపణ తోసిపుచ్చదగినది కాదు. విశ్వాసమే ఆయన విలువలకు మూలమని వాదిస్తే అది నిజంగానే పరిమితి అవుతుంది. కానీ ఆయన విషయంలో విశ్వాసం మూలం కాదు, ఒరగల్లు. బంగారం ఒరగల్లు నుంచి పుట్టదు. దాని మీద మేలిమి తేలుతుంది. పైగా ఆ ఒరగల్లు చర్చినీ విడిచిపెట్టదు. వెలివేతను తనమీద వేసుకున్న వాని పేరుతో వెలివేసే పెద్దలు ఉంటే, వారికి మొదటి విమర్శకుడు ఆ కథానాయకుడే.

అయితే ‘గబ్బిలం’ లేవనెత్తిన కూడు, గుడి ప్రవేశం వంటి ప్రశ్నలకు క్రీస్తు కథ సామాజిక పరిష్కారం చూపదు. కర్మతర్కాన్ని తెంచడం ఒకటి, పళ్లెంలోకి అన్నం రావడం మరొకటి. ఈ తేడాను చెరిపేస్తే విమర్శ ప్రబోధంగా మారుతుంది.

ముగింపు

మతం విలువలను ఇస్తుందనీ, కవి వాటిని కావ్యంలో ప్రకటిస్తాడనీ అనుకోవడం మనకు అలవాటు. జాషువ కవిత్వం ఈ క్రమాన్ని తిరగేస్తుంది. అవమానం నుంచి విలువ, విలువ నుంచి ప్రశ్న, ప్రశ్న నుంచి క్రీస్తు కథ వైపు ఆయన నడిచారు. కాబట్టి ‘క్రీస్తు చరిత్ర’ను భక్తికావ్యాల వరుసలో వదిలేయకుండా, గబ్బిలం మోసుకెళ్లిన విన్నపం పక్కన పెట్టి చదవాలి. అప్పుడే ఆయన జీవితాశయం రెండు ముక్కలుగా కాక ఒకే ధారగా మనకు అందుతుంది.