మల్గీ ఎవరికిస్తారు? అద్దెల చట్టం మీద ఒక విమర్శ

చట్టాలు చదవడం దళిత ఉద్యమానికి కొత్త కాదు. 1977 అసైన్డ్ భూముల చట్టానికి ఏ సవరణ ఎప్పుడొచ్చిందో, దానివల్ల ఎవరి భూమి పోయిందో మన కార్యకర్తలు నోటికి చెప్తారు. కారంచేడు తర్వాత వచ్చిన 1989 అత్యాచారాల నిరోధక చట్టాన్ని చుండూరు దాకా మోసుకుపోయి కోర్టుల్లో కొట్లాడారు. ఐతే ఊళ్లో భూమి మీద పెట్టిన కన్ను పట్నంలో మల్గీ మీద పెట్టలేదు. అద్దెల చట్టం షావుకార్ల గొడవ, మనదేం కాదని వదిలేశాం. వ్యాపార సంఘాలు, యజమానుల సంఘాలు మాత్రం అసెంబ్లీలో బిల్లు కదిలిందంటే చాలు, అర్జీ పట్టుకొని ముందే నిలబడతాయి.

దోమలగూడలో ఈ సంగతి కళ్లకు కనిపిస్తుంది. ఇందిరాపార్కు ధర్నాచౌక్‌లో నినాదాలిచ్చి నాలుగడుగులేస్తే గగన్‌మహల్. అక్కణ్నుంచి అశోక్‌నగర్‌కు పోతే సందు సందుకూ స్టడీహాలు, మెస్సు, జిరాక్స్ దుకాణం. గ్రూప్స్ పరీక్షలకు జిల్లాల నుంచి వచ్చిన పిల్లలే వీటి గిరాకీ. అందులో మన పిల్లలు తక్కువేం లేరు. వాళ్లకు వండిపెట్టే మెస్సు మనవాళ్లు పెట్టాలంటే మాత్రం మల్గీ దొరకదు. మా మిత్రుడొకాయన కోసం టులెట్ బోర్డులు చూసుకుంటూ మేమూ తిరిగాం. అద్దె ఎంతని మేమడిగితే, "మీరు ఏమోళ్లు?" అని వాళ్లడిగారు. చెప్పింతర్వాత ఆ మల్గీ నిన్ననే ఎవరికో ఇచ్చేసినట్టు తేలింది. బోర్డు మాత్రం వారం దాకా వేలాడుతూనే ఉంది.

ఈ మనిషికి ఏ చట్టం అక్కరకొస్తుంది? ముందుగా 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం చూద్దాం. ఇళ్లతో పాటు దుకాణాలకూ వర్తించే చట్టమిది. న్యాయమైన అద్దె కట్టించుకోవచ్చు, కారణం లేకుండా ఖాళీ చేయించకూడదు. ఐతే 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకు ఈ రక్షణ లేదన్నారు. మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో 1983 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. పాత భవనంలో ఉన్నవాడికో న్యాయం, కొత్త భవనంలో ఉన్నవాడికో న్యాయం అంటే 14వ అధికరణానికి విరుద్ధమంది. సర్కారు ఊరుకుందా? ఆ డిసెంబరు 29నే జీవో తెచ్చి, కట్టి పదేళ్లు నిండని భవనాలకు, వెయ్యి రూపాయలు దాటిన అద్దెలకు మళ్లీ మినహాయింపు ఇచ్చింది. 2005 సవరణలో పదేళ్లు పదిహేనేళ్లయ్యాయి. అద్దె హద్దు కార్పొరేషన్లలో 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 అయింది.

చిక్కడపల్లి, నారాయణగూడ రోడ్డు మీద ఈ హద్దు లోపల ఏ మల్గీ దొరుకుతుంది? పాత కిరాయిదారుల సంగతి వదిలేస్తే, కొత్తగా దుకాణం పెట్టేవాడికి ఈ చట్టం ఉన్నా లేనట్టే. వాడి గతి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే. నెలనెలా అద్దె కట్టే ఒప్పందమైతే పదిహేను రోజుల నోటీసు చాలు. ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయాలి కాబట్టి పదకొండు నెలల కాగితం రాస్తారు. పదకొండు నెలలకోసారి అద్దె పెరుగుతుంది. అప్పటిదాకా కులం తెలియకపోతే అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట గమనించాలి. ఇన్నేళ్లలో కోర్టూ సర్కారూ తర్కించింది కట్టడాల మధ్య సమానత్వం గురించి. కట్టి ఎన్నేళ్లయింది, అద్దె ఎంత అన్నవే లెక్క. గడప దగ్గర ఆగిపోయిన మనిషి ఆ లెక్కలోకి రాలేదు. అద్దెల చట్టం కిరాయిదారుణ్ని కాపాడుతుంది సరే, కిరాయిదారు కానివ్వని వాణ్ని ఎవరు కాపాడతారు? ఇది యజమానికీ కిరాయిదారుకీ మధ్య వర్గ సమస్యేనని కొందరు మిత్రులు అంటారు. మల్గీ దొరికిన తర్వాత అది వర్గ సమస్య. దొరక్కముందు అది కులమే.

రాజ్యాంగం 15(2) దుకాణాల్లోకి వెళ్లే హక్కు ఇచ్చింది. 'షాపు' అన్న మాటకు విశాలమైన అర్థం ఉందని అంబేద్కర్ 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో చెప్పారు. ఐతే అది కొనడానికి వెళ్లేవాడి హక్కు. దుకాణం పెట్టేవాడి సంగతి అందులో స్పష్టంగా లేదు. 2015లో సవరించిన అత్యాచారాల చట్టం ఆర్థిక బహిష్కరణను నేరమంది. మామూలుగా జరిగే వ్యాపార షరతుల మీద ఇవ్వనంటే అదీ బహిష్కరణే. మంచి మాటే. కానీ "నిన్ననే ఇచ్చేశాం" అన్న అబద్ధాన్ని క్రిమినల్ కోర్టులో రుజువు చేయడం ఎవరి తరం?

పథకాల తీరూ ఇంతే. 2014లో తెలంగాణ తెచ్చిన టీ-ప్రైడ్ దళిత పారిశ్రామికులకు పెట్టుబడి మీద 35 శాతం సబ్సిడీ అంది. 2021 దళితబంధు కుటుంబానికి 10 లక్షలంది. చాలామంది వాహనాలు కొనుక్కున్నారు. వాళ్లకు దుకాణం నడపడం చాతకాదని ఎగతాళి చేసినవాళ్లున్నారు. బండికి మల్గీ యజమాని ఒప్పుకోలు అక్కర్లేదన్న సంగతి వాళ్లకు తట్టలేదు.

సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధించినప్పుడు ఉద్యోగాలతో పాటు ఇళ్ల అద్దెలను, ఆస్తి అమ్మకాలను కూడా అందులో చేర్చింది. మన తెలుగువాళ్లు మూటగట్టుకుపోయిన కులాన్ని అక్కడి చట్టం పేరుపెట్టి పిలిచింది. ఆ మూట కట్టిన చోట, మన అద్దెల చట్టంలో, ఆ పేరే లేదు.

కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం రాష్ట్రాల ముందుంది. దుకాణాలకు అడ్వాన్సు ఆరు నెలల అద్దె దాటకూడదంటుంది, ఒప్పందం కాగితం మీదే ఉండాలంటుంది. కులం గురించి అదీ మాట్లాడదు. రేపు అలాంటి బిల్లు అసెంబ్లీకి వస్తే యజమానుల అర్జీ తయారుగా ఉంటుంది. మన అర్జీ ఏది? కులం కారణంగా అద్దెకు నిరాకరించకూడదన్న క్లాజు, నేరంగా రుజువు చేయనక్కర్లేకుండా అద్దె అధికారి దగ్గరే విచారణ, ఎందుకివ్వలేదో చెప్పుకోవాల్సిన భారం యజమాని మీద. ఈ మూడూ ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. బిల్లు పాసయ్యాక ధర్నాచౌక్‌లో కూర్చుంటే వినేవాడుండడు.