ఒకే అంతస్తు, రెండు చల్లదనాలు
ఒకే గదిని రెండు వ్యవస్థలు చల్లబరుస్తుంటే ముందు ఏది పనిచేయాలో కంప్యూటర్ నమూనాలో సరిగ్గా చెప్పడం, భవనాల కరెంటు వాడకాన్ని లెక్కగట్టే ఎనర్జీ మోడలర్ల అసలు పనితనం. హైదరాబాద్‌లో హఫీజ్‌పేట్ చుట్టూ లేస్తున్న అద్దాల టవర్లకు పనికొచ్చే పాఠం నగరానికి ఆ చివర, పోచారం ఇన్ఫోసిస్ ప్రాంగణంలో ఉంది. అక్కడ 2011 నాటి భవనంలో సగానికి మామూలు సెంట్రల్ ఏసీ పెట్టారు. మిగతా సగానికి శ్లాబులోని గొట్టాల్లో చల్లటి నీళ్లు పారించారు.

ఈ రెండో సగంలో శ్లాబు వేడిని లాగుతుంది గానీ తేమను లాగలేదు. ఆ పని బయటి గాలిని ఆరబెట్టి లోపలికి పంపే యంత్రానిది. అందుకే ఎనర్జీప్లస్ అనే నమూనా సాఫ్ట్‌వేర్‌లో ఏది ముందు పనిచేయాలో వరుస రాసేటప్పుడు గాలి యంత్రాన్ని ముందు పెట్టి, మిగిలిన వేడిని శ్లాబుకు వదులుతారు. వానాకాలంలో శ్లాబు మరీ చల్లబడితే కప్పు చెమర్చుతుంది. ఏడాదిలోని 8,760 గంటల్లో అలాంటి గంట ఏదైనా ఉందా అని ఓపికగా వెతకడం ఎంతో మెచ్చదగ్గ శ్రద్ధ. పోచారంలో మీటర్లు పెట్టి కొలిస్తే, మామూలు ఏసీ సగం కంటే శ్లాబు సగానికి ఏసీ కరెంటు 34 శాతం తక్కువ పట్టింది.