పొద్దుటి గలగల
విజయవాడ ఆటోనగర్‌లో మంచి మెకానిక్‌కి ‘పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఒక్క క్షణం గలగలమంటోంది’ అని చెప్పండి, వెంటనే బానెట్ ఎత్తడు. ‘రాత్రికి బండి ఇక్కడే ఉంచండి సార్’ అంటాడు. ఆ ఓపికకే నా దండం. వేడెక్కిన ఇంజిన్ ఆ చప్పుడు చెయ్యదు మరి. రాత్రంతా ఆయిల్ సంప్‌లోకి జారిపోతుంది. టెన్షనర్‌కి మళ్లీ ఆయిల్ ప్రెషర్ అందేదాకా టైమింగ్ చైన్ వదులుగా కొట్టుకుంటుంది. తెల్లారాక పొడవాటి స్క్రూడ్రైవర్ మొన చైన్ కవర్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ‘సెల్ఫ్ కొట్టరా’ అని కుర్రాడికి చెప్తాడు. రెండు సెకన్లు. చప్పుడు పైన ట్యాపెట్లదా, పక్కన చైన్‌దా ఆ కాస్తలోనే పట్టేస్తాడు. ఎంత గొప్ప చెవి అది! అయినా ముందు చూసేది ఆయిల్ మట్టం, గ్రేడు, ఫిల్టర్. ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వు చాలా ఫిల్టర్లలోనే ఉంటుంది. అది గట్టిపడినా ఇదే గోల. ఫిల్టర్ మార్చినా పోకపోతేనే టెన్షనర్ విప్పుతాడు.