గాజు గోళంలో ఆసుపత్రి

కథ అయిపోయినా పాత్రల్ని వదిలిపెట్టకపోవడం మనకి కొత్త కాదు. కన్యాశుల్కం మొదటిసారి 1892లో రంగస్థలం ఎక్కింది. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. అప్పటినుంచి ఇప్పటిదాకా మధురవాణి మనసులో ఏముందన్న తగువు తేలలేదు. ఆవిడ మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లింది జాలితోనా, కక్షతోనా, పెద్దమనిషిని ఓసారి పరీక్షించి చూద్దామన్న సరదాతోనా? నలుగురు తెలుగువాళ్లు కాఫీ పుచ్చుకుంటూ కూర్చుంటే అయిదు సిద్ధాంతాలు పుడతాయి.

అమెరికాలో ఈ పని టెలివిజన్ నాటకాల మీద జరుగుతుంది. 1980లో ‘డల్లాస్’ నాటకంలో జె.ఆర్.ని ఎవరో కాల్చారు. మార్చి 21న కాల్పులు చూపించి, నవంబరు 21న గాని పేరు చెప్పలేదు. ఆ ఎనిమిది నెలలూ దేశమంతా అపరాధ పరిశోధన చేసింది. అయితే అది తేలిక ప్రశ్న. తుపాకీ ఎవరి చేతిలో వుందో తెలిస్తే తీరిపోతుంది. నేను ఇక్కడ ముచ్చటించబోయేది అలా తీరని ప్రశ్న. అది ఒక ఆసుపత్రి కథలోది, ఒక పిల్లవాడికి సంబంధించినది. వైద్యుణ్ణి కనక నాకు రెండు విధాలా పట్టింపు వుంది.

‘సెయింట్ ఎల్స్‌వేర్’ అనే నాటకం ఎన్‌బీసీలో 1982 అక్టోబరు 26న మొదలై 1988 మే 25న ముగిసింది. మొత్తం 137 భాగాలు. బోస్టన్‌లో సెయింట్ ఎలీజియస్ అనే పాతబడిన ఆసుపత్రి దాని రంగం. పెద్ద పేరున్న ఆసుపత్రులు వద్దనుకున్న రోగుల్ని తోసేసే చోటుకి డాక్టర్ల మధ్య వాడుకలో వున్న ఎగతాళి పేరే ఈ నాటకం పేరు. 1965 వలస చట్టం తర్వాత ఈ దేశం వచ్చిన మన డాక్టర్లలో చాలామంది రెసిడెన్సీ చేసింది అటువంటి ఆసుపత్రుల్లోనే. ఇక్కడివాళ్లు వెళ్లడానికి ఇష్టపడని చోట్లే మనకి తలుపు తీశాయి. నాటకం మొదటి రోజుల్లో విజయ్ కొచ్చర్ అనే భారతీయ డాక్టరు పాత్ర కూడా వుంది. కవి రాజ్ అనే నటుడు వేశాడు. పెద్ద పాత్ర కాదు గాని, అప్పటి అమెరికన్ టెలివిజన్‌లో మన మొహం కనపడడమే అరుదు.

ఈ నాటకం తీరు సూటిగా వుండేది. రోగులు బాగుపడేవారు, చనిపోయేవారు, ఎందుకు చనిపోయారో తెలియకుండా పోయేవారు కూడా. ఎయిడ్స్ పేరెత్తడానికి టెలివిజన్ జంకుతున్న రోజుల్లో, 1983 డిసెంబరులోనే ఇందులో ఆ జబ్బుమీద ఒక భాగం వచ్చింది. తర్వాత 1986లో ఆసుపత్రి డాక్టర్లలోనే ఒకడికి, అందగాడు కాల్డ్‌వెల్‌కి, ఆ జబ్బు వచ్చింది.

ఇక చివరి దృశ్యం. ఆసుపత్రి మీద మంచు కురుస్తోంది. అంతలో మనం ఒక మామూలు ఇంట్లో వుంటాం. ఆరేళ్లూ పెద్ద డాక్టరుగా చూసిన డొనాల్డ్ వెస్ట్‌ఫాల్ కట్టడం పనివాడి బట్టల్లో ఇంటికి వస్తాడు. అదే భాగంలో కాస్త ముందు చనిపోయిన ముసలి డాక్టరు ఆష్‌లాండర్ ఇక్కడ వెస్ట్‌ఫాల్ తండ్రిగా బతికే కూర్చుని వున్నాడు. ఆటిజం వున్న కొడుకు టామీ నేలమీద కూర్చుని, కదిపితే లోపల మంచు రాలే గాజు గోళాన్ని చూస్తున్నాడు. తండ్రి ముసలాయనతో తన గోడు చెప్పుకుంటాడు. ఈ ఆటిజం తనకి అర్థం కాదనీ, రోజల్లా ఆ బొమ్మను చూస్తూ కూర్చునే పిల్లవాడు ఏమాలోచిస్తాడో తెలియదనీ దాని సారాంశం. గోళాన్ని టెలివిజన్ పెట్టె మీద పెట్టి అందరూ వెళతారు. కెమెరా దగ్గరికి పోతే లోపల వున్నది సెయింట్ ఎలీజియస్ ఆసుపత్రి.

అంతే. వివరణ లేదు. చూసినవాళ్లు అందరికంటె ముందు తీసుకున్న అర్థం: ఆరేళ్ల కథంతా టామీ ఊహ. ఒక్క ఆసుపత్రితో ఆగితే బాగానే వుండేది. అభిమానులు ఆగలేదు. 1985లో ఈ డాక్టర్లు ముగ్గురు ‘చీర్స్’ అనే మరో నాటకంలోని బారుకి వెళ్లి కూర్చున్నారు గదా, కాబట్టి ఆ బారూ టామీ ఊహే అన్నారు. ‘చీర్స్’ నుంచి ‘ఫ్రేజర్’ పుట్టింది కనక అదీ ఊహే. ఇందులో డాక్టరు రాక్సాన్ టర్నర్ 1998లో ‘హోమిసైడ్’ అనే పోలీసు నాటకంలో కనిపించింది కనక అదీ పోయింది. అందులోని మంచ్ అనే డిటెక్టివు ‘ఎక్స్ ఫైల్స్’లోకీ, ‘లా అండ్ ఆర్డర్’లోకీ, 2008లో ‘ది వైర్’లోకీ తొంగిచూశాడు కనక అవీ పోయాయి. ఈ లెక్కన అమెరికా టెలివిజన్‌లో పెద్ద భాగం ఒక పిల్లవాడి బుర్రలోకి చేరిపోయింది. కామిక్స్ రచయిత డ్వేన్ మెక్‌డఫీ 2002లో ఈ గొలుసును రాసింది, కథల్ని ఒకదానికొకటి ముడివేసే పిచ్చి ఎంత దూరం పోగలదో చూపించి నవ్వించడానికే. చదివినవాళ్లలో కొందరు నవ్వి వూరుకున్నారు. కొందరు నోటుబుక్కు తీశారు.

తర్కం సంగతి ముందు చూద్దాం. ఈ గొలుసుకి ఆధారమైన సూత్రం ఒక్కటే: కల్పిత పాత్రతో చెయ్యి కలిపినవాడు కల్పితుడే. మన ‘మల్లీశ్వరి’ సినిమా 1951లో వచ్చింది. అందులో మల్లీశ్వరి కల్పిత పాత్ర, కృష్ణదేవరాయలు ఆమెతో మాట్లాడతాడు. అంతమాత్రాన రాయలు లేకుండా పోడు, హంపీ శిథిలాలు మాయం కావు. రాత్రి నా కలలో చార్మినారు కనపడితే తెల్లారేసరికి పాతబస్తీలో ఖాళీ జాగా మిగలదు. పిల్లవాడు తనకి తెలిసిన బారునీ, తెలిసిన మనుషుల్నీ తన ఊహలోకి రప్పించుకుని వుండవచ్చు గదా. ఊహలోకి రావడం వేరు, ఊహలోనే పుట్టడం వేరు.

అంతకంటె పెద్ద లోపం, ఈ సిద్ధాంతం దేనితోనూ తప్పు కాలేకపోవడం. ఏ అడ్డంకి చూపించినా, అదీ పిల్లవాడి ఊహలో భాగమే అని జవాబు వస్తుంది. వైద్యంలో మేము రోగనిర్ణయం చేసేటప్పుడు, ఈ జబ్బే అయితే ఏ పరీక్షలో ఏమి కనపడాలి, ఏది కనపడితే నా అనుమానం తప్పని ఒప్పుకోవాలి అని ముందే అనుకుంటాం. రక్తపరీక్ష ఎటు తిరిగినా నా మాటే ఖాయం అనే డాక్టరు దగ్గరికి మీ ఇంట్లోవాళ్లని పంపకండి.

అయితే ఆ గొలుసును తీసి పక్కన పెట్టినా గాజు గోళం మిగిలే వుంది. దాన్ని పట్టుకుని అడగవలసిన ప్రశ్న వేరే వుంది. ఎన్ని నాటకాలు టామీ బుర్రలో వున్నాయని లెక్కపెట్టినవాళ్లు, అతను ఈ కథను ఎందుకు ఊహించివుంటాడని మాత్రం పెద్దగా అడగలేదు. పాత్ర పేరుతో సిద్ధాంతం కట్టి పాత్రనే మరిచిపోయారు.

అడిగి చూద్దాం. కోరికలు తీర్చుకోవడానికి అనుకుందామా? తండ్రిని కూలిపని మాన్పించి డాక్టర్ని చేశాడు, అంతవరకు నిజమే. కాని ఆ డాక్టరు సుఖపడ్డాడా? భార్య పోయింది. ఆసుపత్రి మూతపడుతుందన్న బెంగ వదలలేదు. మనిషి అలిసిపోయాడు. ఇక ఆష్‌లాండర్ మొదటినుంచీ కాన్సరు మోస్తూ తిరిగాడు. కోరిక తీర్చుకునేవాడు తాతకి జబ్బు తెచ్చిపెట్టి, చివరికి చంపుకుంటాడా? అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి వుంది. ఆ ఊహాలోకంలో టామీ తనని కూడా పెట్టుకున్నాడు. అక్కడా అతను డాక్టరు వెస్ట్‌ఫాల్ కొడుకే, అక్కడా ఆటిజం వున్న పిల్లవాడే. ఆసుపత్రినిండా డాక్టర్లని సృష్టించినవాడు తన జబ్బుకి మందు సృష్టించుకోలేదు.

నాకు తోచిన అర్థం ఇది. అతను కలలు కనడం లేదు, ఇంట్లో భయాల్ని సాధన చేస్తున్నాడు. తాత ఏదో ఒకరోజు పోతాడు, నాన్న అలిసిపోతాడు, తను ఇలాగే వుంటాడు. ఈ మూడూ అతనికి తెలుసు. తండ్రి అడిగిన ప్రశ్నకి గోళం చెప్పే జవాబు కూడా ఇదే. పిల్లవాడు ఏమాలోచిస్తున్నాడు? నిన్ను గురించే, నాయనా. నువ్వు చెప్పుకునే ప్రతి మాటా వింటున్నాడు. ఇలా చదివితే చివరి దృశ్యం ఆరేళ్ల కథను రద్దు చెయ్యదు. ఎయిడ్స్ రోగికోసం మనం పడ్డ జాలి వృథా కాదు, కొచ్చర్ డాక్టరు నైట్ డ్యూటీలు గాలిలో కలవవు. ఒక తండ్రి గమనించలేకపోయిన మనసులో అవన్నీ భద్రంగా వున్నాయి. ఈ నా చదువుకి కూడా పరీక్ష పెట్టవచ్చు. టామీ కనిపించే పాత భాగాలు మళ్లీ చూసి, అక్కడ అతను తండ్రిని పట్టించుకోని వట్టి బొమ్మలా వుంటే నా మాట కొట్టెయ్యండి. మంచి సిద్ధాంతం మనల్ని మళ్లీ కథ దగ్గరికి పంపిస్తుంది. గొలుసు సిద్ధాంతం వేరే చానలుకి పంపిస్తుంది.

ఈ నాటకం మీద నాకున్న ఫిర్యాదు కూడా చెప్పాలి. ఆటిజం అంటే ఒక గాజుబుడ్డి, పిల్లవాడు లోపల, మనం బయట అన్న బొమ్మను ఇది లక్షల ఇళ్లలో నిలబెట్టింది. ఆ బొమ్మకి పాత చరిత్ర వుంది. లియో కానర్ 1943లో 11 మంది పిల్లల్ని గురించి రాసి ఈ లక్షణాలకి పేరు పెట్టాడు. తర్వాత కొందరు పెద్దలు ఆ పిల్లల మనసులోని ‘కారణాల’ కోసం వెతికారు. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ ఖాళీ కోట అన్న పేరుతో పుస్తకమే రాశాడు. తల్లి మనసులో ప్రేమ లేదు గనక పిల్లవాడు కోటలో దాక్కున్నాడని ఆయన వాదన. అంతకు మూడేళ్ల ముందే, 1964లో, బెర్నార్డ్ రింలాండ్ ఇది తల్లి చేసిన తప్పు కాదు, శరీరంలోని కారణమని రాశాడు. ఆయనే అటువంటి పిల్లవాడికి తండ్రి. 1977లో ఫోల్‌స్టీన్, రటర్ కవలపిల్లల మీద చేసిన అధ్యయనం జన్యువుల వైపు గట్టిగా చూపించింది. కాని ఈ లోపల ఎంతమంది తల్లులు తమని తాము దోషులుగా నమ్మి కుమిలిపోయారో!

అది కూడా పాత్రల ఉద్దేశాలమీద కట్టిన సిద్ధాంతమే. తేడా ఒక్కటే, పాత్రలు నిజం మనుషులు. ఏ జవాబు చెప్పినా తప్పు కాలేని గుణం అందులోనూ వుంది. తల్లి ఏడిస్తే నేరభావం, ఏడవకపోతే చల్లదనం. జె.ఆర్. మీద తప్పు సిద్ధాంతం కడితే పోయేది పందెం డబ్బు మాత్రమే.

ఇది మన ఇళ్లకి దూరం సంగతి కాదు. అమెరికా ప్రభుత్వ వ్యాధి నివారణ సంస్థ 2025లో ప్రకటించిన లెక్క ప్రకారం, పరిశీలించిన ప్రాంతాల్లో ఎనిమిదేళ్ల పిల్లలు 31 మందికి ఒకరికి ఆటిజం గుర్తించారు. మన పండుగ సభకి వచ్చే కుటుంబాల్లో కూడా వున్నారు. కొందరు రావడం మానేశారు. ఎందుకు మానేశారో మనకి తెలుసు. తల్లి ఉద్యోగం చెయ్యడంవల్ల, టీవీ ఎక్కువ చూడడంవల్ల, ఎవరి దిష్టో తగలడంవల్ల అంటూ పులిహోర వడ్డిస్తూనే సిద్ధాంతాలు కడతాం. వాటిలో బాగా చదువుకున్నవాళ్లు కూడా నమ్మేది ఇంకొకటి వుంది: ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు వుండడంవల్ల పిల్లవాడు తికమకపడ్డాడని. ఇంట్లో తెలుగు మానెయ్యమని సలహా చెప్పే నిపుణులూ వున్నారు. ఇంతవరకు జరిగిన అధ్యయనాల్లో, రెండు భాషలు వినడంవల్ల ఆటిజం వున్న పిల్లల మాటకి హాని కలుగుతుందని తేలలేదు. తెలుగు మానేస్తే మాత్రం కచ్చితంగా పోయేది ఒకటుంది: వాడితో ధారాళంగా మాట్లాడగలిగే అమ్మమ్మ, తాతయ్య. ఇంట్లో అందరూ పొడిపొడి ఇంగ్లీషులోకి దిగితే, గాజుగోడ కట్టింది పిల్లవాడు కాదు, మనమే.

అందుకే ఈ నాటకం చివరి దృశ్యాన్ని చూడమనే నా సలహా. గోళం లోపల ఏముందన్నది ఎలాగూ అందరూ చూస్తారు. దానికంటె ముందు ఆ తండ్రి ఎక్కడ నిలబడి ఎవరితో మాట్లాడుతున్నాడో చూడండి. కొడుకు ఏమాలోచిస్తాడన్న ప్రశ్నని అతను ముసలాయనని అడుగుతాడు. కొడుకు ఆ గదిలోనే, చేతికందే దూరంలో కూర్చుని వున్నాడు.