ఆట నియమం – అనుభవం

పిల్లలచేత రాయించడానికి తరగతిగదిలో ఆటలు పెట్టాలనగానే రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. అది చదువును పలచన చేయడమని సంప్రదాయవాదులంటారు. వస్తువును వదిలి రూపంతో ఆడుకోవడమని కొందరు అభ్యుదయవాదులంటారు. మొదటివారికి జవాబు మన సాహిత్యంలోనే ఉంది. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి – అష్టావధానంలోని ఈ అంశాలన్నీ నియమాలున్న ఆటలే. రెండోవారి అభ్యంతరాన్ని నిదానంగా పరిశీలించాలి.

దత్తపదిని చూద్దాం. పృచ్ఛకుడు పొంతనలేని నాలుగు మాటలిచ్చి, భారతార్థంలోనో రామాయణార్థంలోనో పద్యంలో ఇమడ్చమంటాడు. కాఫీ, టీ వంటి మాటలిస్తే అవధాని వాటిని విరిచి, వేరే పదాల్లో కలిపేసి, అసలు అర్థం కనిపించకుండా చేస్తాడు. సభ చప్పట్లు కొడుతుంది. ఆ నేర్పును కాదనలేం. కానీ అక్షరాలు మిగిలాయి, ఆ మాట వెనకున్న జీవితం పోయింది.

ఇలాంటి ఆటనే ఇటలీ రచయిత జాన్నీ రొదారి (1920–1980) మరోలా ఆడించాడు. రొట్టెలు కాల్చేవాని కొడుకు, కొన్నాళ్లు బడిపంతులు, తర్వాత కమ్యూనిస్టు పత్రిక 'లూనితా'లో పాత్రికేయుడు. 1972లో రెజ్జో ఎమీలియా నగరంలో ఉపాధ్యాయులతో జరిపిన గోష్ఠుల నుంచి పుట్టిన ఆయన పుస్తకం 'కల్పనా వ్యాకరణం' 1973లో వెలువడింది. కుక్క, బీరువా వంటి సంబంధంలేని రెండు మాటలను పక్కపక్కన పెట్టి కథ అల్లమంటాడాయన. ఇక్కడ ఏ మాటా తన అర్థాన్ని పోగొట్టుకోదు. రెండు అర్థాలు ఢీకొన్నచోటనే కథ మొదలవుతుంది. నియమం అనుభవాన్ని మూస్తున్నదా, తెరుస్తున్నదా అన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

మాచర్ల ప్రాంతపు బడుల్లో మిరపకోతల కాలం వస్తే హాజరు పలచబడుతుంది. తొమ్మిదో తరగతిలో 'మిరపకాయ', 'హాజరుపట్టీ' అన్న మాటలిచ్చాను. ఒకమ్మాయి కథలో హాజరుపట్టీ బడిలో తోచక చేలోకి నడిచి వస్తుంది. సాళ్ల మధ్య నిలబడి పేర్లు పిలుస్తుంది. అందరూ 'ఉన్నానండీ' అంటారు. దాని కాగితాలకు ఘాటు అంటుకుంటుంది. మర్నాడు తెరిచిన ప్రతివాళ్లకూ కళ్లు మండుతాయి. బాలకార్మిక వ్యవస్థ మీద వ్యాసం అడిగి ఉంటే ఈ అమ్మాయే గైడులోని అయిదు పేరాలు అప్పజెప్పేది.

నిషిద్ధాక్షరినీ ఇలాగే తిప్పుకోవచ్చు. అక్షరాలకు బదులు అరిగిపోయిన మాటలను నిషేధించాలి. 'ప్రేమ', 'త్యాగం', 'దేవత' అనకుండా అమ్మ గురించి రాయమంటే, అమ్మ ఎన్నింటికి లేస్తుందో, ఎంత కూలికి పోతుందో రాయక తప్పదు. వాస్తవికత మీద పది ఉపన్యాసాలు చేయలేని పని ఈ చిన్న నిషేధం చేస్తుంది. మన కవుల్లోనూ కొందరికి ఈ ఆట అవసరం. 'ఉషోదయం', 'పిడికిలి', 'నెత్తురు' లేకుండా ఒక్క కవిత రాసి చూడాలి.

అయితే ఆట దానంతటదే సాహిత్యం కాదు. అది మొదటి వాక్యాన్ని కదిలిస్తుంది, అంతే. చేలో పిల్లలు ఎందుకున్నారు, ఆ కూలి ఏ అప్పుకు జమపడింది అన్న చర్చ నడిచాకే రెండో ప్రతి రాయించాలి. మార్కులు వేశామా, ఆట చచ్చినట్టే. తెలుగు వాచకాల్లో 'సృజనాత్మకత' అన్న శీర్షిక చేరగానే దానికీ గైడుల్లో సిద్ధాన్నం వంటి జవాబులు వచ్చాయి.

అవధానంలో మాటలు పృచ్ఛకుడిస్తాడు. పరీక్షలో బోర్డు ఇస్తుంది. తరగతిలో ఆ హక్కును పిల్లలకే అప్పగించాలి. మిరప కల్లాల్లో, పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర తిరిగే మాటలు అప్పుడే నోటుపుస్తకంలోకి వస్తాయి.